తోడు ఉన్నదా, బిడ్డా?

మిర్యాలగూడలో మా పక్కింటి పెద్దనాయన పోయారు. ఆ కబురు నాకు సూర్యాపేటలో, ఆఫీసులో, మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుతుండగా అందింది. నిడమనూరులో ఇచ్చిన ఆయన కూతురు ఫోన్ చేసింది. "అక్కా, నాయన పోయిండే. పొద్దుగాల చాయ్ తాగి అరుగు మీద కూసున్నడు. కూసున్నోడు కూసున్నట్టే..." అని ఫోన్ పక్కవాళ్లకిచ్చింది. బయలుదేరుతున్నానని చెప్పాను. ఎదురుగా డబ్బాలో పెరుగన్నం ఉంది. ఆ పెరుగు ఆయనదే. తినాలో మూత పెట్టాలో తెలియక కాసేపు అలాగే కూర్చున్నాను.

సూర్యాపేటలో నేను తోడుపెట్టుకున్న పెరుగు ఆయనది ఎలా అవుతుందో చెప్పాలంటే, మొదట నా నోటి దురుసు గురించి చెప్పాలి. దాచుకోవాలనిపించే సంగతే. కానీ అది చెప్పకుండా ఆయన గురించి ఏం రాసినా అబద్ధమే అవుతుంది.

ఏడేళ్ల కిందట కోదాడ నుంచి మిర్యాలగూడకు బదిలీ అయ్యాను. సాగునీటి శాఖలో గుమాస్తా ఉద్యోగం. అప్పటికి నా పెళ్లి కోర్టులో విడాకులతో ముగిసి రెండేళ్లు, అమ్మ పోయి ఏడాది. పిల్లలు లేరు. కిరాయి ఇల్లు కోసం తిరిగిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న. "ఎవరెవరుంటరు?" "నేనొక్కదాన్నేనండి." "తోడు ఎవ్వలు లేరా?" లేరంటే మొహం మారేది. ఒకావిడ ఇల్లంతా చూపించి, నీళ్ల ట్యాంకు కూడా చూపించి, తోడు ఎవరూ లేరనేసరికి "మావోళ్లొస్తరేమో, అడిగి చెప్తమమ్మా" అని తలుపు దగ్గరికి వేసింది. ఆరో ఇంటి ఓనరు హైదరాబాద్‌లో ఉంటాడు. ఫోన్‌లో అంత లోతుగా అడగలేక ఇల్లిచ్చేశాడు. ఆ వారం రోజుల్లో తోడు అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండేది.

సామాను ట్రాలీ ఆటోలో వేసుకుని హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా వచ్చాను. మిర్యాలగూడ దగ్గరపడుతుంటే మిల్లుల్లో ఉడుకుతున్న వడ్ల వాసన వచ్చింది. ఆ వాసన తెలిసిందే అయినా, ఆ రోజు మాత్రం నాది కాని ఊరి వాసనలా అనిపించింది. సామాను దించి ఆటో వెళ్లిపోయాక, వీధి చివర కొట్లో ఒక పాల ప్యాకెట్ కొనుక్కొచ్చి, చాయ్ కాచుకుని, మిగతా పాలు అలాగే పొయ్యి మీద వదిలేసి పెట్టెల మధ్య కూర్చున్నాను. పొద్దు గూకుతోంది. లైటు వేయాలని కూడా అనిపించలేదు.

అప్పుడు తలుపు చప్పుడైంది. తీస్తే అరవై దాటిన మనిషి. లుంగీ, బనీను, భుజం మీద తువ్వాలు. చేతిలో సాసరు మూసిన స్టీలు గ్లాసు.

"ఒక్కదానివే దిగినవా బిడ్డా?"

"అవునండి."

"మరి తోడు ఉన్నదా?"

పొద్దుగూకే వేళ, చేతిలో గ్లాసు, నోట ఆ ప్రశ్న. నేనింకేం అనుకుంటాను? తాగి వచ్చాడనుకున్నాను. "తోడుంటే ఏంటి, లేకపోతే ఏంటండి మీకు? నాకెవరి తోడూ అక్కర్లేదు!" అని, మొహం మీదే తలుపు వేసి గొళ్లెం పెట్టాను. కిటికీ సందులోంచి చూస్తే, ఆయన గ్లాసు పట్టుకుని కాసేపు నిలబడ్డారు. తర్వాత, ఒలికిపోతుందన్నంత జాగ్రత్తగా రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, గేటు వేసి వెళ్లిపోయారు.

తెల్లారి గోడ అవతల నుంచి ఆడమనిషి గొంతు. రెండిళ్ల మధ్య రొమ్మెత్తు ప్రహరీ గోడ ఉంది. "ఓ కొత్తగ దిగినామే! జర ఇటు రా బిడ్డా." వెళ్లాను. వెడల్పాటి మొహం, నుదుట రూపాయంత బొట్టు, ఒక చెయ్యి మోకాలి మీద. తర్వాత నాకు పెద్దమ్మ అయిన మనిషి ఆవిడే.

"మా ఆయన తోడు తెచ్చిస్తే అక్కర్లేదన్నవంట. పెరుగు తినవా ఏంది?"

"తోడా?"

"ఆ, తోడే. పాలల్ల ఏస్తరు సూడు. నువ్వు పాల ప్యాకెట్ పట్కొని పోతుంటే అరుగు మీదికెళ్లి సూసిండట. కొత్తిల్లాయె, తోడు ఏడ దొరుకుతది, పాలు పాడైతయ్ అన్నడు. నా మోకాళ్లు సాగక ఆయన్ను తోలిన గని, లేకుంటే నేనే వస్తుంటి."

ఆ మాటకు ఆ అర్థం నాకు తెలియనిదేం కాదు. కానీ అమ్మ పోయాక మా ఇంట్లో పాలు తోడుపెట్టిన వాళ్లు లేరు. ఏడాదిగా ప్యాకెట్ పెరుగు తింటున్నదాన్ని. ఇంటింటికీ తిరిగి విన్న తోడు ఒకటే నా చెవుల్లో గింగురుమంటోంది. భూమి చీలితే బాగుండుననిపించింది. నిజం చెప్పే ధైర్యం లేక "జలుబు చేసిందండి, అందుకని పెరుగు..." అన్నాను. అంతే, పది నిమిషాల్లో గోడ మీదికి మిరియాల చారు వచ్చింది. మర్నాడు శొంఠి కాఫీ. లేని జలుబుకు నాలుగు రోజులు వైద్యం చేయించుకున్నాను. పెద్దమ్మ కనబడినప్పుడల్లా ముక్కు ఎగబీల్చడం కూడా చేశాను.

ఐదో రోజు సాయంత్రం, గోడ దగ్గర చెంచాతో గ్లాసు మీద రెండుసార్లు కొట్టిన చప్పుడు వినిపించింది. బయటికొచ్చి చూస్తే, గోడ మీద సాసరు మూసిన అదే స్టీలు గ్లాసు. మనిషి లేరు. అప్పటికే ఇంట్లోకి వెళ్లిపోయారు. లోపల గ్లాసు అడుగున రెండు చెంచాల గట్టి పెరుగు. నేను ఆ ఇంట్లో ఉన్న ఆరేళ్లలో ఆ గోడ మీదికి ఏం వచ్చినా అలాగే వచ్చింది. మునక్కాయలైనా, బతుకమ్మకు తంగేడు పూలైనా, వాళ్లమ్మాయి నిడమనూరు నుంచి తెచ్చిన కొత్త బియ్యమైనా. రెండు చప్పుళ్లు, గోడ మీద వస్తువు, వెళ్లిపోయే తెల్ల బనీను వీపు.

ఆయన మా గేటు దాటి మళ్లీ ఎన్నడూ రాలేదు.

పెద్దనాయన రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర ఉద్యోగం విరమించేదాకా పనిచేశారు. వేళ్ల కణుపుల మీద పాత కాలిన మచ్చలు. వేడి ఎంతుందో చూడాలంటే ఆయన ముట్టుకునేవారు కాదు. చెయ్యి తిప్పి, వెనక వైపు, ముట్టీముట్టనంత దూరంలో పెట్టి చెప్పేసేవారు. పెద్దమ్మ నవ్వేది. "నాకు జరమొచ్చినా గట్లనే సూస్తడు, బాయిలర్‌ను సూసినట్టు." ఆ ఇంట్లో పాలు తోడుపెట్టడం ఆయన పని. మోకాళ్లు బాగున్న రోజుల్లో కూడా పెద్దమ్మకు ఆ పని ఇవ్వలేదట.

నా మొదటి పెరుగు తీగలు సాగింది. రెండోది నీళ్లయింది. గోడకు అటువైపు నిలబడి పెద్దనాయన విచారణ చేశారు.

"పాలు ఎంత వేడి మీద ఏసినవ్?"

"గోరువెచ్చగా ఉన్నప్పుడేనండి."

"అండి గిండి ఏంది, నేనేమన్న మీ ఆఫీసర్నా? చిటికెనేలు పెట్టు. ఏలు కాలొద్దు, గని వేడి తెల్వాలె. గంతే. ఏసినంక కదిపినవా?"

"తోడుకుందో లేదోనని చూశానంతే."

"ఎన్నిసార్లు సూసినవ్?"

"మూడు... నాలుగు."

ఆయన భుజాలు ఊగిపోయేలా నవ్వారు. "నిన్నెవలన్న గంటకోపారి లేపి, నిద్ర పట్టిందా పట్టిందా అని అడిగితే నీకు నిద్రవడ్తదా? తోడేసినంక కదపొద్దు బిడ్డా. దాని పని అది జేస్కుంటది."

ఆ తర్వాత నా పెరుగు కుదిరింది. ఎప్పుడైనా పులిసిపోయిందని నేను గునిస్తే, "పుల్లగైతే ఏమాయె, రేపటి తోడుకైతే ఉన్నది గదా" అనేవారు. ఆయనకు ఇంతకన్నా పెద్ద మాటలు రావు. నా గురించి కూడా ఆయన ఏమీ అడగలేదు. మా ఆయన ఏడని అడగలేదు, పిల్లల్లేరేమని అడగలేదు. బతుకమ్మ నాడు వీధిలో ఆడవాళ్లు పెద్దమ్మ చుట్టూ చేరి "ఈమె ఎవలు, ఈమె పెనిమిటి ఏడుంటడు" అని ఆరా తీస్తుంటే, అరుగు మీంచి ఆయన గొంతు వినబడింది. "ఆమె మా పక్కింటామె. ఇంకేం గావాలె మీకు?" పాట మళ్లీ మొదలైంది. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని వలయంలోకి లాగింది. తప్పుడు అడుగులు వేస్తూ, అందరి చీరల అంచులు తొక్కుతూ తిరిగాను.

ఇన్ని చేసిన మనిషి మా గుమ్మం ఎందుకు తొక్కరు? ఆ ప్రశ్న నన్ను ఆరేళ్లూ వదల్లేదు. మూడో ఏట నాకు విషజ్వరం వచ్చి లేవలేకపోయాను. పొద్దున నేను బయటికి రాలేదని గమనించింది ఆయనే. కానీ గేటు బయటే నిలబడి కేకలేశారు. లోపలికి పెద్దమ్మ వచ్చింది. నా గుమ్మానికి ఉన్న రెండు మెట్లూ ఎక్కడానికి ఆవిడ గోడ పట్టుకుని మూల్గుతుంటే, మంచం మీంచి నాకు వినబడుతోంది. ఆయనేమో గేటు బయట "జర పైలం, జర పైలం" అంటున్నారు. ఆటోలో డ్రైవరు పక్కన కూర్చున్నారు. దవాఖానలో మూడు రోజులు వరండా బల్ల మీద కూర్చున్నారు తప్ప వార్డులోకి అడుగు పెట్టలేదు. నాకు జ్వరం కన్నా అదే ఎక్కువ బాధయింది. ఆ రోజు తలుపు వేశానని ఆయనకు ఇంకా మనసులో ఉందనుకున్నాను. మంచి మనిషి కాబట్టి సాయం చేస్తారు, పౌరుషం ఉంది కాబట్టి గడప తొక్కరు అని నాకు నేనే లెక్క తేల్చుకున్నాను.

క్షమించమని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. ఎలా అడగాలి? మిమ్మల్ని తాగుబోతనుకున్నానని ఆ మొహం చూస్తూ చెప్పాలా? ఒకసారి గోడ దగ్గర మొదలుపెట్టాను కూడా.

"పెద్దనాయనా, ఆ మొదటి రోజు నేను తలుపు..."

"ఆ తలుపా? వానకాలం ఉబ్బుతది బిడ్డా. జర గట్టిగ నూకాలె."

అని లోపలికి వెళ్లిపోయారు. మర్నాడు ఒక వడ్రంగిని పంపించారు. తలుపు అంచు చెక్కించుకున్నాను. క్షమాపణ అలాగే ఉండిపోయింది.

ఎనిమిది నెలల కిందట సూర్యాపేటకు బదిలీ అయింది. సామాను ఎక్కించిన రోజు గోడ మీద రెండు చప్పుళ్లు. ఈసారి గ్లాసు కాదు, బిగుతు మూతున్న చిన్న స్టీలు డబ్బా. ఆయన కూడా లోపలికి వెళ్లకుండా గోడ దగ్గరే నిలబడ్డారు. "గాడ పాలు వేరుంటయ్, నీళ్లు వేరుంటయ్. తోడు మాత్రం ఇదే ఉంచు. రెండు దినాల కంటే ఎక్కువ ఇడిసిపెట్టకు." పెద్దమ్మ ఏడ్చింది. ఆయన తువ్వాలుతో గోడ మీద లేని దుమ్ము దులిపారు.

సూర్యాపేటలో నాది మూడో అంతస్తు ఫ్లాటు. ఎదుటి ఫ్లాటు వాళ్లను నేను చెప్పులను బట్టి గుర్తుపడతాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. ఒక్కదానివేనా అని కూడా అడగలేదు. ఏడేళ్ల కిందట ఎవరూ అడక్కపోతే బాగుండునని ఎంత కోరుకున్నానో! కోరిక తీరాక తెలిసింది, అదెంత భయంకరంగా ఉంటుందో. సాయంత్రం పాలు కాచి, చిటికెన వేలు పెట్టి చూసి, తోడు వేసి, మూతపెట్టి, కదపకుండా కూర్చునేదాన్ని. రోజు మొత్తంలో ఆ ఒక్క పని మాత్రమే ఎవరితోనో కలిసి చేస్తున్నట్టు ఉండేది.

ఆదివారం ఆదివారం ఆయన ఫోన్ చేసేవారు. ఫోన్‌లో ఆయనకు మాట్లాడటం రాదు. ఒకటే అడిగేవారు. "తోడు ఉన్నదా బిడ్డా?" "ఉన్నది పెద్దనాయనా." "పుల్లగైతుందా?" "ఎండలకు కొద్దిగా." "ఇగ ఉంట." అంతే. ఉన్నది అని నేను చెప్పిన మాట డబ్బా వరకు నిజం. నా వరకు అబద్ధం. ఆయనకు అది తెలుసో తెలియదో. గంటన్నర దూరంలో ఉండి కూడా ఎనిమిది నెలల్లో ఒక్కసారే వెళ్లాను. ఆఫీసు పని అన్నాను, ఎండలన్నాను. నిజానికి వెళ్లి తిరిగి ఆ ఫ్లాటుకు రావడం నాకు చేతకాలేదు. ఇప్పుడు అనుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

కబురు అందిన రోజు నేను వెళ్లేసరికి ఇంటి ముందు టెంటు వేసి ఉంది. ఆయన్ను పడుకోబెట్టారు. చేతులు బోర్లించి ఉన్నాయి, కణుపుల మీద మచ్చలు కనిపిస్తూ. నేను వాటి మీద చెయ్యి పెట్టాను. ఎప్పుడూ వేడి చూసే చేతులు చల్లగా ఉన్నాయి. ఏడవడానికి కూడా సిగ్గుపడ్డాను. ఏ వరస అని ఏడవాలి?

పదకొండో రోజు మళ్లీ వెళ్లాను, రెండు రోజులు సెలవు పెట్టి. ఆయన మాట ప్రకారం తోడు డబ్బాను ఒంటరిగా వదిలిపెట్టలేక చేతిసంచిలో వెంట తీసుకెళ్లాను. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. సాయంత్రానికి చుట్టాలు ఒక్కొక్కరే లేచారు. కూతురు పిల్లలను పడుకోబెడుతోంది. పెద్దమ్మ వంటింటి గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చుంటే, పక్కన కూర్చున్నాను. ఇక ఆగలేకపోయాను.

"పెద్దమ్మా, నేను దిగిన రోజు పెద్దనాయన మొహం మీద తలుపేశాను. ఆయన్ను తప్పుగా అనుకున్నాను. ఒక్కసారన్నా చెప్పుకోలేకపోయాను. అది మనసులో పెట్టుకునే కదా, మా గడప తొక్కలేదు."

పెద్దమ్మ నా వైపు వింతగా చూసింది. "ఎవలు జెప్పిన్రే నీకు? ఆనాడు గ్లాసు పట్కొని ఉత్తగనే తిరిగొచ్చిండు. 'ఆ బిడ్డ నన్ను జూసి బెదిరిందే' అన్నడు. 'తప్పు నాదే. ఒక్కతున్న ఆడివిల్ల ఇంటికి పొద్దుగూకంగ పోయి, గా మాట అడుగుడేంది నేను? ఇగ ఆ గేటు దాట. ఏ మొగోడు వస్తడో అని ఆమె తలుపేసుకొని కూసోవద్దు' అన్నడు. నాకే కోపమొచ్చింది. గంత అనుమానపు మనిషితోని మనకేంది అన్న. 'అనుమానం గాదే, భయం. నువ్వు కదపకు' అన్నడు. నీకు జరమొచ్చిన్నాడు గేటుకాడ నిలవడి ఎంత తండ్లాడిండో నాకెరుక."

ఆ ఇంట్లో చేరిన రెండో నెల నుంచి, సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చాక నా వీధి తలుపు తీసే ఉండేది. అంతకు ముందు కోదాడలో లేదు, ఇప్పుడు సూర్యాపేటలో లేదు. ఆ ఒక్క ఇంట్లోనే. ఆరేళ్లూ అది గాలి కోసం అనుకున్నాను.

పెద్దమ్మ కాసేపటికి మోకాళ్లు పట్టుకుని లేచింది. పొయ్యి మీద కాచిన పాలు చల్లారుతున్నాయి. ఫ్రిజ్ తెరిచి, లోపల వెతికి, అలాగే నిలబడిపోయింది. పదకొండు రోజుల హడావిడిలో ఎవరో అన్నీ తీసి పారబోసి, ఫ్రిజ్ కడిగేశారు. ఆయన రోజూ తోడుపెట్టే గిన్నె బోర్లించి ఉంది.

ఆవిడ నా వైపు తిరిగింది. "బిడ్డా, తోడు ఉన్నదా?"

"ఉన్నది పెద్దమ్మా" అని సంచిలోంచి డబ్బా తీశాను. చిటికెన వేలు నేనే పెట్టి చూశాను. వేలు కాలలేదు, వేడి తెలుస్తోంది. వేసి, మూతపెట్టి, ఇద్దరం దాని పక్కనే కూర్చున్నాం. ఎవరం కదపలేదు.

తెల్లారి మొదటి బస్సుకు బయలుదేరాను. చావు జరిగిన ఇంటి నుంచి వెళ్లేటప్పుడు పోయొస్తానని చెప్పరు. పెద్దమ్మ వంటింట్లో ఉంది. చెప్పకుండానే సంచి తీసుకుని, గేటు దగ్గరికి వేసి వీధిలోకి వచ్చాను. నా పాత ఇంటికి తాళం వేసి ఉంది. దాని ముందు నుంచి నడుస్తుంటే, వెనక నుంచి చెంచాతో కొట్టిన చప్పుడు. రెండుసార్లు.

తిరిగి చూశాను. గోడ మీద సాసరు మూసిన స్టీలు గ్లాసు ఉంది. దగ్గర ఎవరూ లేరు. గోడ పక్కనే ఉన్న వంటింటి గుమ్మానికి వేలాడే పరదా మాత్రం ఇంకా కదులుతోంది.